ఇంకుడుగుంత సూత్రం: సటీక తాత్పర్యం

మూలము: "ప్రతిపాదిత గృహావరణమందు ఈశాన్యదిశను వర్షజల పునర్భరణ నిర్మాణము చూపబడినది."

వనపర్తిలో కొత్తగా ఇల్లు కడుతున్న ఒక గృహస్థుని ప్లాను కాగితం అడుగున, చీమకాళ్లంత అక్షరాలతో వెలసిన ఏకవాక్య శాసనమిది. కర్త అజ్ఞాతుడు. ముద్ర మాత్రం గుండ్రంగా ఉన్నది.

టీక: ప్రతిపాదిత, గృహ, ఆవరణాదులు సుగమములు. 'పునర్భరణ' మేస్త్రీకి తెలియదు. తెలియనక్కరలేదు, ఆయన దానిని ఇంకుడుగుంత అంటాడు, అడిగితే తవ్వుతాడు కూడా. వాక్యంలోని గుట్టంతా 'చూపబడినది' వద్ద ఉన్నది. ఎవరు చూపిరి, ఎవరికి చూపిరి అను ఆకాంక్ష తీరదు. 'తవ్వబడినది' అని సూత్రకారుడు అనలేదు. ఎంత జాగ్రత్తపరుడో చూడుడు.

పాఠాంతరములు: మునిసిపాలిటీకి పోయిన ప్రతిలో ఈశాన్యాన గుంత కలదు. గృహస్థుని బీరువాలోని ప్రతిలో అదే చోట సంపు. వాస్తు పండితుని పెన్సిలు దిద్దుబాటులో బోరు. స్థలానికి పోయి చూడగా గ్రంథపాతము. పార్కింగు టైల్స్ మాత్రం గోడ నుంచి గోడ దాకా అఖండంగా లభ్యమగుచున్నవి.

విశేషము: దిక్కు ప్రస్తావన వచ్చినది గనుక కొంత విస్తరింపక తప్పదు. ఆరవ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో దకార్గళమని నేలలోని నీటికే ఒక అధ్యాయం కేటాయించాడు. మనిషి ఒంట్లో నెత్తురు నాళాల వలెనే భూమిలోనూ జలశిరలు కొన్ని పైగా, కొన్ని లోతుగా పారునని ఆయన మతం. నేరేడు చెట్టుకు తూర్పున దగ్గరలో పుట్ట ఉన్నచో, దక్షిణాన రెండు పురుషల లోతున తియ్యని నీరట. పురుష అనగా చేతులెత్తి నిలిచిన మనిషి పొడవు. తవ్వుచుండగా కప్ప కనబడుటకొక ఫలితం, రాయి రంగుకొక ఫలితం. పదవ శతాబ్దంలో భట్టోత్పలుడు దీనికంతటికీ ఓపికగా వ్యాఖ్య రాశాడు. పుట్టను, చెట్టును, మట్టి రంగును చూడనిదే వారెవరూ గడ్డపార ముట్టనివ్వరు. ఈ వనపర్తి స్థలంలో పుట్ట ఉండెనో లేదో చెప్పగలవారు లేరు. వెంచర్ వేసిననాడే బుల్డోజరు చదును చేసినది.

పండితుల మాట వచ్చినది గనుక మరొకటి. గద్వాల సంస్థానానికి విద్వద్గద్వాల అని పేరు. ఏటేటా విద్వాంసులు వచ్చి, పరీక్షకు నిలిచి, సంభావనలు పుచ్చుకొని పోయేవారు. తిరుపతి వేంకట కవులు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలన్నీ తిరిగినారు. కర్త లేని ఆ 'చూపబడినది' ఆ సభలో ఎవరైనా చదివి ఉంటే, సంభావన సంగతటుంచి, శాలువా భుజం మీదికి వచ్చేది కాదు. ఇక మన మెతుకుసీమ కోలాచల మల్లినాథసూరి, ఆధారం లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను అని ప్రతిజ్ఞ పట్టినాడు. అందులో రెండవ సగం ప్రస్తుత వ్యాఖ్యాతకు వర్తించదు.

గుంత ఎక్కడ ఆగినది? ఆ, మట్టి.

2016 అక్టోబరులో పాలమూరు జిల్లా విడిపోయి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వేర్వేరు జిల్లాలైనవి. ఇంకుడుగుంత బొమ్మ మాత్రం విడిపోలేదు. అలంపూర్ వైపు నల్లరేగడి నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు బారుతుంది, లోపలికి మాత్రం నీటిని తొందరగా పోనివ్వదు. పునాది పక్కన అక్కడ గుంత తీస్తే గోడకే చేటు. దూరంగా జరిగి, రేగడి పొర దాటి కిందికి దిగాలి. ఇటు ఎర్ర చెల్కలో నీళ్లు చకచకా ఇంకుతాయి. రెండింటికీ ఒకటే బొమ్మ! ఎట్లా కుదురుతుందయ్యా?

లెక్క కూడా చూడండి. వంద చదరపు మీటర్ల డాబా మీద ఒక సెంటీమీటరు వాన పడితే 1,000 లీటర్లు. ఈ సీమలో ఏడాదికి 600 మిల్లీమీటర్ల అటూ ఇటూ పడుతుంది. తడికీ ఆవిరికీ ఐదో వంతు తీసేసినా 48,000 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లు దాదాపు పది, ఎండాకాలంలో ఫోన్ మీద ఫోన్ చేసి, బతిమాలి తెప్పించుకునేవి. బొమ్మలోని గుంత మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు. కంకర నింపినాక నీళ్లకు మిగిలే జాగా 400 లీటర్లు. ఐదు సెంటీమీటర్ల వాన ఒక్కటి దంచితే డాబా మీంచి దిగేవి 5,000. మిగతావాటికి సూత్రకారుడు ఏ దిక్కు చూపినాడు?

పూర్వపక్షం: "గుంత పెద్దగ తవ్వితే కారు యాడ పెడ్తరు సార్?" అని మేస్త్రీ. సిద్ధాంతం: కారు కిందనే పెట్టవచ్చు, బరువు మోసే జాలీ మూత వేస్తే చాలు. మట్టి, ఆకులు ఆగేందుకు ముందొక చిన్న తొట్టి కావాలి. తొలివాన నీటిని బయటికి వదలాలి. సెప్టిక్ ట్యాంకుకు ఎడంగా ఉండాలి. పై ఇసుకను ఏటా వానలకు ముందు తీసి కడగాలి, లేకుంటే రెండో ఏటికే అది మూతబడిన గుంత. వడగట్టని నీటిని తిన్నగా బోరులోకి వదలమని చెప్పేవాళ్ల మాట అసలే వినొద్దు. ఇవేవీ మూలంలో లేవు. 2002 నాటి వాల్టా చట్టం వాననీటి సంరక్షణ నిర్మాణాల మాట ఎత్తినది నిజమే. కాగితం మీద నలుచదరపు గీత గీసి చట్టాన్ని సంతోషపెట్టే విద్య మాత్రం తరువాత పుట్టినది.

తాత్పర్యము: గుంత ప్లానులో ఉన్నది; వాన డాబా మీద పడును; నీరు రోడ్డు మీదికి పోవును.

అనుబంధము: ప్లానులో ఒక మూల 'అధికజల నిర్గమ నాళము' అని మరొక పదం కలదు. వనపర్తి వారికి ఇది కొత్త కాదు. 1959లో పూర్తయిన సరళాసాగర్ ప్రాజెక్టులో నీరు నిండిన వెంటనే సైఫన్లు ఎవరూ ముట్టకుండానే పనిచేస్తాయి. మన గృహస్థుని నాళం అంతకన్నా చురుకైనది, నిండే దాకా ఆగదు. తిన్నగా ఎదురింటి గేటులోకి తెరచుకున్నది. దానిపై ఎదురింటాయన మొదటి వాననాడే, వీధిలో నిలబడి, అచ్చమైన పాలమూరు మాటలో సవిస్తరమైన వ్యాఖ్య చేసినారు. ఆ వ్యాఖ్య అచ్చుకు ఎక్కదు గాని, మూలం కన్నా ఎంతో స్పష్టము.