కాటన్ దొరవారి సముఖమునకు ఒక శివారు రైతు అర్జీ

ధవళేశ్వరపు ఆనకట్టను 1847లో మొదలిడి 1852 నాటికి నిలువబెట్టి, మా గోదావరీ మండల జనులకు ప్రాతఃస్మరణీయులైన సర్ ఆర్థర్ కాటన్ దొరవారి దివ్యసముఖమునకు, రాజోలు తాలూకా శివారు ఆయకట్టు రైతు ఒకడు, ప్రస్తుతము జర్మనీ దేశపు మ్యూనిక్ నగరమున కుమారుని యింట రెండు జతల మేజోళ్లు తొడిగికొని కూర్చుండి వ్రాసికొను విన్నపము.

తమరు 1899లోనే కీర్తిశేషులైన సంగతి నేనెరుగనివాడను కాను. అయినను ఇది నీటి తగవగుటచేతను, నీటి తగవులలో మా వైపు వారికి తమ పేరు తలచనిదే నోరు పెగలకపోవుటచేతను, ఈ దేశపు అధికారులకు నా భాష రాకపోవుటచేతను తమకే విన్నవించుకొనుచున్నాను.

ఇచ్చట పుష్యమాసమున వట్టి నేలపై పాదము మోపుట మనుష్యమాత్రునికి సాధ్యము కాదు. అందుచేత వీరు ఇంటి నేల క్రింద కాలువలు పారించుకొన్నారు. గదిగదికిని ప్లాస్టిక్ గొట్టములను జంతికల చుట్టవలె మెలికలు త్రిప్పి పరచి, పైన సిమెంటు పోసి, సుమారు 35 డిగ్రీల వేడి గల నీటిని వానిలో త్రిప్పుదురు. మెట్ల క్రింది అరలో ఒక ఇత్తడి గొట్టమున్నది. దానినుండి ఏడు పిల్లగొట్టములు చీలిపోవును. మావాడు దాని పేరేమో చెప్పబోవుచుండగనే, "ఒరేయ్, ఇది లొల్ల లాకులు కదరా!" అంటిని. బొబ్బర్లంక వద్ద బయలుదేరిన నీరు లొల్ల వద్ద అమలాపురమునకొక కాలువగా, గన్నవరమునకొక కాలువగా చీలుట చిన్ననాటినుండి చూచినవానికి వేరొక వివరణ మేల? ఒక్కొక్క పిల్లగొట్టపు నోట బొటనవ్రేలంత తెల్లని డిబ్బీ కలదు. అందలి మైనము విద్యుత్తుచే వేడెక్కి ఉబ్బి తలుపును తెరచును, చల్లారి మూయును. ఒక్కసారి తెరచుటకు మూడు నాలుగు నిమిషములు పట్టును. ఇతడే లస్కరు. లస్కర్లందరిపై పెత్తనము చేయునది గోడకు బిగించిన కంట్రోలరు.

ఇంతవరకు తమ వ్యవస్థకును దీనికిని భేదము లేదు. చిక్కెల్ల ఆ పైని అధికారితో వచ్చినది. మావాడు అమెరికాలో ఏడేండ్లుండి ఈ దేశమునకు మారునపుడు, బోర్లించిన కొబ్బరిచిప్పవలె నుండు ఒక హబ్బును వెంట తెచ్చుకొన్నాడు. దీపములు, తలుపులు, తెరలు, సమస్తమును ఫోనులో నుండి అది నడిపించునట. నేలను కూడ దాని చేతిలో పెట్టవలెనని వాని సంకల్పము. మూడు సాయంత్రములు ఆ అరలో గొంతుక్కూర్చుండి, ఫోను దీపము పండ్లతో కరచి పట్టుకొని, కంట్రోలరు మీట ముమ్మారు నొక్కును. హబ్బుపై నీలిదీపము గిరగిర తిరుగును. ఫోను "పరికరము కనబడలేదు" అనును. మా కోడలు వచ్చి "చారు చల్లారిపోతోందండీ" అనును. "ఒక్క నిమిషం" అని మావాడు. ఆ నిమిషము తొమ్మిదిన్నరకు గాని ముగియదు.

మూడవనాడు నేను భూతద్దము పుచ్చుకొని రెండింటి అడుగున గల అక్షరములను చదివితిని. కంట్రోలరుపై 868.42, హబ్బుపై 908.42. రెండును జెడ్-వేవ్ అను తంతిలేని భాషలోనే మాటలాడును. వ్యాకరణ మొక్కటే, పదము లొక్కటే. కాని ఆ భాషను ఐరోపా వారొక శ్రుతిలోను, అమెరికా వారొక శ్రుతిలోను, మన భారతీయులు 865 మెగాహెర్ట్జుల పైచిలుకు మరియొక శ్రుతిలోను పలుకవలెనని ఆయా ప్రభుత్వముల కట్టడి. ఐరోపా, అమెరికా శ్రుతుల నడుమ సరిగా 40 మెగాహెర్ట్జుల అంతరము. పక్కపక్కన కూర్చుండియు ఒకరి మాట ఒకరికి వినబడదు. దొరవారూ, మా నగరం లంకకు అడ్డముగా వైనతేయ పారుచున్నదని తమ అనుచరులు చేతులు ముడుచుకొనిరా? గన్నవరము వద్ద 49 కమానులు కట్టి, నదిమీదుగా కాలువను నడిపించి, నీటిచేత నీటిని దాటించిరి. ఆ నీటితో పండిన అన్నము తిని పెరిగిన నాకు, ఈ నలువదింటిపై ఒక అక్విడక్టు కట్టలేని పాండిత్యమును చూచిన జాలి కలుగుచున్నది.

తుదకు ఈ దేశపు శ్రుతి గల క్రొత్త హబ్బు వచ్చినది. కంట్రోలరుపై గల అయిదంకెల సంఖ్యను అడిగినది, చెప్పితిమి, బంధుత్వము కుదిరినది. మావాడు సోఫాలో ఆనుకొని ఫోనులో 24 అని ఆజ్ఞాపించి నేలను తడవి చూచినాడు. చల్లగా నున్నది. పది నిమిషములకు 26, మరి పది నిమిషములకు 28 చేసినాడు. "కనెక్షను పోయినట్టుంది నాన్నా" అన్నాడు. "ఒరేయ్, బొబ్బర్లంకలో తలుపులెత్తిన పూటే మన చేలో నీళ్లుంటాయా?" అంటిని, వినలేదు. గొట్టములో పారు వేడి రెండంగుళముల సిమెంటును దాటి పాదమునకు తగులవలెనన్న గంటలు పట్టునని వానికి తెలియదా? తెలియును. ఫోనులో నొక్కినది తక్షణమే జరుగవలెనను అలవాటు ఆ తెలివిని మ్రింగివేసినది. అర్ధరాత్రికి ఇచ్చిన ఆజ్ఞలన్నియు ఒక్కసారిగా ఫలించి ఇల్లు మా వైశాఖమైనది. బయట మంచు కురియుచుండగా వాడు కిటికీలు బార్లా తెరచి నిలుచుండెను.

కావున ప్రార్థించునదేమనగా, ఈ యింటిని తాత్కాలికముగానైనను మధ్యడెల్టాలో చేర్చి, ఒక లస్కరు ఉద్యోగమును మంజూరు చేసి, దానిని నాకే దయచేయవలెను. జీతము అక్కరలేదు, రెండు పూటలా కాఫీ కోడలు ఇచ్చుచున్నది. అర్హతల మాటకు వచ్చిన, మేజోళ్లు విప్పి నడచితినా, ఏ గదికి నీరెక్కినదో, ఏ గది ఎండుచున్నదో నా అరికాలు హబ్బు కంటె ముందుగా చెప్పగలదు. రాత్రి రెండు గంటలకు నేనొకమారు, తెల్లవారుజామున నాలుగింటికి ఒకమారు గట్టు తిరుగుచునే యున్నాను.

చిత్తగించవలెను.

ఇట్లు,
రాజోలు తాలూకా శివారు ఆయకట్టుదారు

తా.క. పడకగది కాలువకు ఇప్పుడే నీరెక్కినది. వంటింటి శివారున, సింకు క్రింద, ఇంకను రాలేదు.