అల్లుడింట్లో దిగకూడదని…

కూతురు లండన్‌లో కాపురం పెట్టిననాటి నుంచి నాకొకటే దిగులు. వాళ్లది ఒకటే పడకగది, ఒకటే బాత్రూము. నేను పొద్దున పేపరు పట్టుకుని లోపలికి పోతే సినిమా పేజీ అయిపోయేదాకా బయటికి రాను. మదనపల్లెలో మా వీధికంతా తెలిసిన ఈ సంగతి అల్లుడికి తెలియడం నాకిష్టం లేదు. అందుకని ఇంటినే వెంట తీసుకుపోదామని తీర్మానించా. పాత స్కూలు వ్యానొకటి కొని, పుంగనూరు వడ్రంగితో మంచం, వంటగట్టు, గూళ్లు చేయించి, పైన లగేజీ క్యారియర్ బిగించి, క్యాంపర్ వ్యాన్ అని పేరు పెట్టా. మా ఆవిడ ఇప్పటికీ దాన్ని స్కూలు బండనే అంటుంది.

రోడ్డు మీదే పోదామనుకున్నా. 1957లో లండన్ నుంచి కలకత్తాకు బస్సే వచ్చింది, నా వ్యానేం తక్కువ? కానీ పాకిస్తాన్‌కు దారైన అటారీ చెక్‌పోస్టు 2025 ఏప్రిల్‌లో మూసేశారు. ఇక మిగిలింది సముద్రం. టమాటా లారీలు తప్ప ఓడ మొహం చూడని ఊరు మాది.

కుప్పంలో మా బావమరిది గ్రానైట్ దిమ్మెల్ని చెన్నై రేవుకు పంపుతుంటాడు. ఓడల శాస్త్రంలో నాకు గురువు అతనే. "కంటెయినర్‌లో పెడదాం బావా, ఎత్తు కొలిచి చెప్పు" అన్నాడు. మామూలు కంటెయినర్ తలుపు ఎత్తు రెండున్నర మీటర్లు కూడా ఉండదట, రెండుంబావు దాటితే గొప్ప. హై క్యూబ్ అనే పెద్దదానికీ రెండున్నర పైచిలుకే. నా వ్యాను క్యారియర్‌తో కలిసి దాన్నీ దాటింది. "పుంగనూరు ఆవులాగా పొట్టిగా చేయించాల్సింది సార్" అన్నాడు వడ్రంగి, కూలీ మొత్తం తీసుకున్నాక.

రెండో దారి రోరో. బండిని నేరుగా ఓడ కడుపులోకి నడిపించి, చక్రాలకు పట్టీలు బిగిస్తారు. చెన్నై కార్లు ఇట్లానే దేశాలు దాటుతాయి. బాడుగ మాత్రం పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి ఘనపు మీటర్ల లెక్కన. నేను ముచ్చటపడి బిగించిన క్యారియర్ కింద ఉన్న గాలికి కూడా డబ్బు కట్టాలన్నమాట!

మా ఆవిడ అప్పటికే ఊరగాయ జాడీలు గూళ్లలో సర్దేసింది. "లోపల సామాను ఉండకూడదు" అన్నాడు బావమరిది. గ్యాస్ సిలిండర్ తీసేయాలి, డీజిల్ పావు ట్యాంకు మించకూడదు.

"మరి మనం?" అంది ఆవిడ. డెక్కు మీద వ్యానులో పడుకుని నక్షత్రాలు చూస్తూ పోతామని నేనే చెప్పి ఉన్నా.

"మనం విమానంలో."

"సామాను?"

"అదీ విమానంలోనే."

"అంటే ఆ ఉత్త డబ్బా ఒక్కటే ఓడెక్కుతుంది. ఎన్నాళ్లకు చేరుతుంది?"

2023 చివరి నుంచి ఎర్రసముద్రంలో దాడుల భయానికి చాలా ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగిపోతున్నాయని, ఎప్పుడు చేరేదీ గట్టిగా చెప్పలేరని నసిగా. మేము తిరిగొచ్చే రోజుకు అది అక్కడ దిగినా దిగొచ్చు.

ఇంకా కార్నెట్ ఉంది. బండికది పాస్‌పోర్టు లాంటి కాగితం, ముంబైలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ వాళ్లు ఇస్తారు. బండిని పరాయి దేశంలో అమ్ముకోకుండా వెనక్కి తెస్తామని పూచీ, దానికి పెద్ద మొత్తం డిపాజిట్. ఇది వినిపించగానే ఆవిడ పొయ్యి ఆపి వచ్చింది. "స్కూలు బండి తిరిగొస్తుందని ఇంత డబ్బు పూచీ పెడతావే, నన్ను తీసుకుపోయి తీసుకొస్తావని నాకెవరు పెడతారయ్యా?"

ఆ పూటే బెంగళూరు నుంచి టికెట్లు తీయించింది. జాడీలన్నీ సూట్‌కేసుల్లోకి మారాయి. వ్యాను పెరట్లో ఉంది, మంచం మీద చింతపండు ఆరుతోంది. ఓడ సంగతి ముగిసిందనే నేనూ అనుకున్నా.

ముగియలేదు. అల్లుడు రోజు విడిచి రోజు ఫోను చేస్తున్నాడు. "మామయ్యా, బండి ఎట్లాగైనా పంపించండి. మీరున్న రెండు నెలలూ మీరు హాయిగా ఇంట్లో ఉండండి, మేమిద్దరం అందులో పడుకుంటాం."