సీ గ్రేడు ఊరు, ఏ గ్రేడు దాహం

చెన్నై నుంచి అరక్కోణం పోయే లోకల్ బండి తిరువళ్లూరు దాటాక ఎగట్టూరు, ఆ తర్వాత కడంబత్తూరు. ఇళ్లు కొని అద్దెలతో కోటీశ్వరులు కావడమెలాగో బోధించే గురువుల పట్టికలో ఇలాంటి ఊరికి ‘సీ’ గ్రేడు. పరీక్ష ఎప్పుడు జరిగిందో, పేపరు ఎవరు దిద్దారో ఊళ్లో ఎవరికీ తెలీదు.

పట్టిక సంగతి చూద్దాం. ‘ఏ’ అంటే డాక్టర్లు, ఐటీ వాళ్లు, పార్కు, జిమ్ము. ‘బీ’ అంటే అంత లేకపోయినా ఈఎంఐ తప్పని వాళ్లు. ‘సీ’ అంటే ఫ్యాక్టరీ పనివాళ్లు, పాత ఇళ్లు, ప్రతి నెలా బేరం. ‘డీ’ అంటే అద్దె వసూలుకు పొద్దుండగా పోయి పొద్దుండగానే తిరిగి రావాల్సిన చోటు. పేరుకు పేటలకిచ్చిన మార్కులు, దిద్దింది మాత్రం మనుషుల్ని. తమాషా ఏమిటంటే, అద్దె గిట్టేది ‘సీ’లోనేనని చెప్పేదీ ఆ గురువులే. చెన్నైలో పేరున్న పేటలో ఫ్లాటు కొంటే ఏడాది అద్దె కొన్న ధరలో రెండు మూడు శాతం దాటడం గగనం. లోను మీద వడ్డీ ఎనిమిది శాతం చుట్టూ తిరుగుతుంది. అందుకని శిష్యులకు ఉపదేశం: కాపురం ‘ఏ’లో, వసూళ్లు ‘సీ’లో. పక్కింట్లో ఉండడానికి పనికిరాని మనిషి అద్దె కట్టడానికి భేషుగ్గా పనికొస్తాడు!

ఈ విద్యకు తాతగారి ఊరు అమెరికా. అక్కడ 1933లో పుట్టిన హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ రెండొందలకు పైగా నగరాల పటాలకు రంగులద్దింది. ‘ఏ’కు ఆకుపచ్చ, ‘బీ’కి నీలం, ‘సీ’కి పసుపు, ‘డీ’కి ఎరుపు. నల్లవాళ్లు నివసించే పేటలకు దాదాపుగా ఎరుపే. ఇళ్ల విషయంలో ఇలాంటి వివక్ష చెల్లదని చట్టం రావడానికి 1968 దాకా పట్టింది. మనవాళ్లకు పటం, రంగుపెన్సిళ్లు అక్కర్లేకపోయింది. ‘శాకాహారులకు మాత్రమే’ అని గేటుకో బోర్డు, తాళం తీసే ముందు “మీరేమిట్లు?” అని ఒక్క ప్రశ్న. ఖర్చు లేని పద్ధతి.

ఇక ఈ ‘సీ’ గ్రేడు ఊరి పక్కన ఏముందో చూస్తే నవ్వాగదు. అదిగత్తూరులో హిందుస్థాన్ మోటార్స్ కర్మాగారం 1998లో మిత్సుబిషి లాన్సర్లు చేయడం మొదలుపెట్టింది. ఇప్పుడక్కడ సిట్రోయెన్ సీ3 తయారవుతోంది. కారు పుట్టేది ‘సీ’లో, దాన్ని నిలిపే పోర్టికో ‘ఏ’లో.

నీళ్ల కథ ఇంకా రుచిగా ఉంటుంది. చెన్నై తాగే నీళ్లకు ఆధారాల్లో ఒకటి ఈ తిరువళ్లూరు జిల్లాలోని పూండి జలాశయం, 1944 నాటిది. కండలేరు మీదుగా తెలుగుగంగ కాలువలో వచ్చే కృష్ణమ్మ చేరేదీ అక్కడికే. 2019 ఎండల్లో నగరం గొంతెండినప్పుడు తిరువళ్లూరు పల్లెల్లోని వ్యవసాయ బావుల నీళ్లు ట్యాంకర్లెక్కి నగరానికి పోయాయి. ఆ ఏడాది జులై 12న జోలార్‌పేట నుంచి 25 లక్షల లీటర్ల నీళ్లతో 50 వ్యాగన్ల రైలు విల్లివాక్కం చేరింది. అరక్కోణం లైను మీద వచ్చిన బండి కదా, కడంబత్తూరు ప్లాట్‌ఫారం పక్కగానే పోయింది. ‘సీ’ గ్రేడు చూస్తుండగా ‘ఏ’ గ్రేడు దాహం దాటిపోయిందన్నమాట. కూవం నది సంగతీ అంతే. దానికి పేరిచ్చిన కూవం గ్రామం కడంబత్తూరు పంచాయతీ యూనియన్‌లోనే ఉంది. అక్కడ ముక్కు మూసుకోవాల్సిన పని లేదు. చేట్‌పట్టు, ఎగ్మూరు దగ్గర మూసుకోవాలి. ఆ వాసనకు మార్కులు తగ్గించిన గురువు మాత్రం లేడు.

అద్దెకిచ్చేటప్పుడు ‘సీ’ అయిన ఊరు, ప్లాట్లు అమ్మేటప్పుడు ‘చెన్నైకి కూతవేటు దూరం’ అవుతుంది. 2022 అక్టోబరులో చెన్నై మహానగర ప్రాంతాన్ని 1,189 చదరపు కిలోమీటర్ల నుంచి 5,904కు పెంచుతూ ఉత్తర్వు వచ్చాక బ్రోచర్లకు రెక్కలొచ్చాయి. చెట్టయినా లేని చోట బృందావనం, చెరువు ఎండిన చోట లేక్ వ్యూ. బ్రోకరు నోట్లో నాలుక ఒకటే, గ్రేడులే రెండు.

అద్దెకు దిగేవాడి ప్రశ్నలు వేరు. తెల్లవారుజాము లోకల్ అందుతుందా, షిఫ్టు బస్సు ఎక్కడ ఆగుతుంది, బోరు మే నెలలో పలుకుతుందా, అడ్వాన్సు ఎంత? తమిళనాట 2019లో అమల్లోకి వచ్చిన అద్దె చట్టం అడ్వాన్సు మూడు నెలల అద్దెకు మించరాదంది, వేరే ఒప్పందం ఉంటే తప్ప. ఆ ‘తప్ప’లోంచే పది నెలల అడ్వాన్సు దర్జాగా దూరిపోతుంది. దీన్ని ఏ పట్టికా చెప్పదు.

కాబట్టి ఇటువైపు ఇల్లో స్థలమో కొనదలచిన వారు గ్రేడు షీటు మడిచి జేబులో పెట్టుకుని, ముందు పట్టా ఎవరి పేర ఉందో, లేఔటుకు అనుమతి ఉందో చూసుకోవాలి. అనుమతి లేని ప్లాట్ల రిజిస్ట్రేషన్లను 2016 సెప్టెంబరులో మద్రాసు హైకోర్టు ఆపించింది. మరుసటి ఏడాది వచ్చిన క్రమబద్ధీకరణ పథకం 2016 అక్టోబరు 20ని కటాఫ్ తేదీగా పెట్టింది. సబ్ రిజిస్ట్రారు అడిగేది ఆ తేదీనే, గ్రేడును కాదు.