కస్టమ్ ఉంగరంగారు

పెళ్లి భోజనాల బంతిలో ఈయన్ను గుర్తుపట్టడం సులువు. అందరూ వడ్డించే కుర్రాడి చేతిలో గరిటకేసి చూస్తుంటే, ఈయన పక్కాయన వేలికేసి చూస్తుంటాడు. ఆ వేలికి కెంపు ఉంటే ఇక ఆగడు. "హీటెడ్డా, అన్‌హీటెడ్డా?" అని మొదలుపెడతాడు. పక్కాయన అన్నం గురించనుకుని "వేడిగానే ఉందండీ" అంటాడు.

అంతే, దొరికిపోయాడు. పప్పు నుంచి పెరుగు దాకా పాఠం సాగుతుంది. కెంపును కొలిమిలో కాచి రంగు తేర్చడం మామూలేననీ, పగుళ్లలో గాజు నింపిన కెంపులు వేరే జాతి అనీ, వెర్న్యూయ్ అనే ఫ్రెంచాయన మంటలో పొడి కరిగించి కెంపు తయారుచేసే పద్ధతిని 1902లోనే లోకానికి ప్రకటించాడనీ చెబుతాడు. పక్కాయన వేలు ముడుచుకుని ఎడమచేతిని మెల్లగా ఒళ్లోకి లాక్కుంటాడు. ఆ ఉంగరం మామగారు పెట్టింది.

హైదరాబాద్‌లో ఉద్యోగం, నలభై దాటిన వయసు, కొట్లో ట్రేలో ఉన్న ఉంగరం మీద చిన్నచూపు. ఈయనకు జైపూర్‌లో ఓ కుర్రవాడు దొరికాడు. జోహరీ బజార్ దగ్గర సందులో చిన్న గదిలో కూర్చుని ఫోన్‌లోనే రాళ్లు చూపించి, చెప్పిన డిజైన్లో ఉంగరం చేసి పంపుతాడు. షోరూం లేదు, కూల్‌డ్రింకు ఇచ్చే సేల్స్‌మన్ లేడు, మజూరీ పైన తరుగు వేసేవాడు లేడు. మధ్యలో ఎవరూ లేరని ఈయన అందరికీ గర్వంగా చెబుతాడు. ఆ మధ్యలోవాళ్లు చేసే పనులన్నీ ఇప్పుడు తన నెత్తినే పడ్డాయి. ఆ సంగతి తెలిసే ఈయన ఇంత హుషారుగా ఉన్నాడు.

కథ సిద్ధాంతిగారి దగ్గర మొదలైంది. బుధుడు బలహీనంగా ఉన్నాడు, ఐదు రత్తులకు తగ్గకుండా పచ్చ, కుడిచేతి చిటికెన వేలికి, బుధవారం నాడు, రాయి అడుగు చర్మానికి తగిలేలా అన్నారాయన. ఇంకొకరైతే సరేనని లేచి వచ్చేవారు. ఈయన రత్తి అంటే ఎంత అని వెతికాడు. రాళ్ల వ్యాపారంలో రత్తికి 0.91 క్యారెట్ అని ఒక లెక్క. బంగారం తూచే పాత రత్తి దాదాపు 0.12 గ్రాములు, అంటే 0.61 క్యారెట్. మొదటి లెక్కకు రాయి నాలుగున్నర క్యారెట్లు దాటుతుంది, రెండో లెక్కకు మూడు దగ్గరే ఆగుతుంది. మళ్లీ వెళ్లి అడిగితే సిద్ధాంతిగారు పంచాంగం మూసి, "బుధుడు అంత లెక్కలు చూడడండీ" అన్నారు.

ఈయన చూస్తాడు. పచ్చ సాంద్రత 2.7, నీలానిది 4, అందుకని ఒకే బరువులో పచ్చ పెద్దగా కనిపిస్తుంది కాబట్టి బరువొక్కటే చాలదని పొడవు, వెడల్పు, లోతు మిల్లీమీటర్లలో అడిగాడు. కిటికీ వెలుతురులో ఒక వీడియో, నీడలో ఒకటి, బల్బు కింద ఒకటి, చేతి మీద పెట్టి ఒకటి తెప్పించాడు. కుర్రవాడు ప్రతిదానికీ "హో జాయేగా సర్‌జీ" అనే అన్నాడు.

చివరికి జాంబియా పచ్చ ఒకటి కుదిరింది. ల్యాబ్ రిపోర్టులో "మైనర్ ఆయిల్" అని ఉంది. పచ్చల్లో సన్నటి పగుళ్లు పుట్టుకతోనే ఉంటాయి. వాటిలోకి దేవదారు నూనెలాంటివి ఎక్కించి కనపడకుండా చేయడం ఎప్పటినుంచో ఉన్నదే. ఎంత ఎక్కించారన్నదే ధర తేల్చేది. ఈ సంగతి భార్యకు పావుగంట వివరించాడు. ఆవిడ కూర కలుపుతూనే అంతా విని, "ఏమండీ, నూనె పెట్టందే మెరవకపోతే అది రాయా, జడా?" అంది.

తర్వాత బంగారం. రాళ్ల పట్టు గట్టిగా ఉండాలంటే 18 క్యారెట్లే మేలు, 22 మెత్తన. వాళ్లమ్మగారు వినలేదు. "పద్దెనిమిదేంట్రా? మనింట్లో ఎప్పుడైనా ఉందా?" అని రెండు రోజులు మాట్లాడలేదు.

అసలు తిప్పలు వేలి కొలతతో వచ్చాయి. కాగితం సన్నగా కత్తిరించి చిటికెన వేలికి చుట్టి, పెన్నుతో గీత పెట్టాడు. పొద్దున ఒక కొలత, సాయంత్రం ఒక కొలత. ఎండకీ వేడికీ వేళ్లు ఉబ్బుతాయని చదివి ఏసీ గదిలో ఒకసారి, మేడ మీద ఒకసారి చూశాడు. కణుపు దాటాలంటే ఒక సైజు, దాటాక నిలవాలంటే ఇంకో సైజు. పైగా బ్రిటన్ సైజులు అక్షరాల్లో, అమెరికావి, మనవి అంకెల్లో. కాగితం ముక్కలన్నీ తేదీ వేసి కవర్లో దాచాడు.

కంప్యూటర్లో గీసిన డిజైను రాగానే ఈయనకు స్వర్గం కనిపించింది. పచ్చకు మూలలు కోసి సాన పెట్టేది చిట్లకుండా ఉండేందుకే కాబట్టి ఆ మూలల దగ్గరే పట్టు ఉండాలన్నాడు. ఉంగరం మందం 1.8 మిల్లీమీటర్లు చాలదు, 2 చేయమన్నాడు. 2 చేశాక మొరటుగా ఉంది, 1.9 అన్నాడు. ఆఫీసు మీటింగుల్లో తల ఊపుతూ బల్ల కింద మార్పులు టైపు చేశాడు.

ఒకరోజు కుర్రవాడు పోత పోసేశామని చెప్పాడు. రెజిన్ నమూనా ముద్రించి, చుట్టూ ప్లాస్టర్ పోసి, నమూనాను కొలిమిలో కాల్చేసి, ఆ ఖాళీలోకి కరిగిన బంగారం పోస్తారు. పోశాక దిద్దుబాట్లు ఉండవు. ఆ వారమంతా ఈయన దిగాలుగా తిరిగాడు. ఇంట్లోవాళ్లు డబ్బు గురించి అనుకున్నారు.

పార్సిల్ వచ్చింది. టేపు కోయకముందే వీడియో మొదలైంది. లోపలి వైపు హాల్‌మార్కు పక్కనున్న ఆరక్షరాల హెచ్‌యూఐడీని భూతద్దంతో చదివి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టాడు. సరిపోయింది. 0.01 గ్రాము దాకా చూపే జేబు త్రాసులో తూచాడు. సరిపోయింది. వేలికి పెట్టుకున్నాడు. జారిపోయింది.

సందు చివర ఆచారిగారు కొలత రింగుల గుత్తి తీసి, ఒకటి తొడిగి, తీసి, ఇంకొకటి తొడిగి, "రెండు సైజులు తగ్గించాలి" అన్నారు. కాగితం ముక్కల కవరు తెరిచేలోపే అది జరిగిపోయింది. మంట తగిలితే పచ్చ చిట్లుతుందని హెచ్చరిద్దామని ఈయన గొంతు సవరించుకున్నాడు. "రాయి ఊడదీసే చేస్తాలెండి, కూర్చోండి" అన్నారాయన.

పని అయ్యాక, తీసిన బంగారం ముక్కను ఆచారిగారు ఈయన అరచేతిలో పెట్టారు. జేబులోంచి త్రాసు బయటికొచ్చింది. 0.11 గ్రాములు.

"ఇంకాస్త కలిపితే అమ్మగారికి ముక్కుపుడక అవుతుంది" అని ఆచారిగారు నోరు జారారు. ఆ సాయంత్రానికల్లా స్కేలు పక్కన పెట్టి తీసిన అమ్మగారి ముక్కు ఫొటోలు మూడు జైపూర్ చేరాయి.