కోవాక్స్ టేపు ఆత్మకథ

రెండంగుళాల వెడల్పున్న ప్లాస్టిక్ పట్టీ, దాని మీద ఇనుప ఆక్సైడు పూత, చుట్టడానికి ఒక పెద్ద రీలు. ఈ ఆత్మకథ చెప్పుకుంటున్న వీడియో టేపు ఒళ్లంతా ఇంతే. అమెరికాలో ఏబీసీ టెలివిజన్ 1961లో ప్రసారం చేసిన ఎర్నీ కోవాక్స్ హాస్య కార్యక్రమాల్లో ఒకటి దీని మీద రికార్డయి ఉంది. టేపుకు సొంత జీవితమంటూ పెద్దగా ఉండదు. దాని మీద ఏముందో అదే దాని జీవితం. అందువల్ల ఈ కథలో టేపు కంటే కోవాక్సే ఎక్కువ కనిపిస్తాడు. అది న్యాయం కూడా.

టేపు వంశం మరీ పాతదేమీ కాదు. 1956 ఏప్రిల్‌లో చికాగోలో జరిగిన ప్రసారకర్తల సమావేశంలో ఆంపెక్స్ కంపెనీ తన వీడియో టేపు యంత్రాన్ని తొలిసారి అందరికీ చూపించింది. చార్లెస్ గిన్స్‌బర్గ్ నాయకత్వంలో దాన్ని తయారుచేసిన బృందంలో, తరవాత ధ్వని రంగంలో పేరు మోగిపోయిన రే డాల్బీ కూడా ఉన్నాడు. టేపు సెకనుకు 15 అంగుళాల చొప్పున ముందుకు సాగుతుంటే, నాలుగు హెడ్లు బిగించిన ఒక చిన్న చక్రం నిమిషానికి 14,400 సార్లు గిర్రున తిరుగుతూ దాని వెడల్పు మీద అడ్డంగా బొమ్మను రాసుకుంటూ పోతుంది. ఆ లెక్కన గంటసేపటి కార్యక్రమానికి 4,500 అడుగుల టేపు కావాలి. అంతకుముందు టీవీ కార్యక్రమమంటే ప్రసారమైన మరుక్షణం గాల్లో కలిసిపోయేదే. దాచుకోవాలంటే టీవీ తెర ఎదురుగా సినిమా కెమెరా పెట్టి ఫిల్ము తీయాలి. దాన్ని కినెస్కోప్ అనేవారు. అందులో బొమ్మ మసకబారి వచ్చేది. టేపు మీద రికార్డయిన బొమ్మకూ, స్టూడియోలోంచి నేరుగా వచ్చే బొమ్మకూ మాత్రం తేడా పట్టుకోవడం కష్టం. పైగా టేపును చెరిపేసి మళ్లీ వాడుకోవచ్చు. ఖరీదైన సరుకు కనుక టీవీ సంస్థలు ఈ సదుపాయాన్ని నెత్తిన పెట్టుకున్నాయి. టేపు జాతికి ప్రాణగండం తెచ్చిపెట్టింది కూడా ఇదే.

ఎర్నీ కోవాక్స్ 1919 జనవరి 23న న్యూజెర్సీ రాష్ట్రంలోని ట్రెంటన్‌లో, హంగేరీ మూలాలున్న కుటుంబంలో పుట్టాడు. న్యూయార్కులో నటన నేర్చుకుంటున్న రోజుల్లో ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంది. నెలల తరబడి ఆసుపత్రి మంచం మీదే ఉండాల్సి వచ్చింది. కోలుకున్నాక సొంత ఊళ్లోని రేడియో స్టేషనులో అనౌన్సరుగా చేరి దాదాపు పదేళ్లు పనిచేశాడు. రైలు కింద పడితే ఎలా ఉంటుందో శ్రోతలకు చెప్పడానికి మైకు పట్టుకుని పట్టాల మీద పడుకుని, చివరి క్షణంలో లేచి పక్కకు తప్పుకున్న ఘనుడాయన. వినే రేడియోలోనే అంత సాహసం చేసిన మనిషికి కనిపించే టీవీ దొరికితే ఏం చేస్తాడో 1950లో ఫిలడెల్ఫియా తెలుసుకుంది.

అక్కడి డబ్ల్యూపీటీజెడ్ స్టేషనులో ఆయనకు ముందు వంటల కార్యక్రమం అప్పజెప్పారు. అదే ఏడాది నవంబరులో ‘త్రీ టు గెట్ రెడీ’ అనే పొద్దుటి కార్యక్రమం మొదలైంది. పొద్దున్నే టీవీ చూసేవాళ్లు ఉంటారని అప్పటికి ఎవరూ నమ్మేవారు కాదు. డబ్బు లేదు, రాతప్రతి లేదు, స్టూడియోలో ఏ సామాను చేతికి దొరికితే అదే హాస్యానికి ముడిసరుకు. కోవాక్స్ ఆ వేళకు జనాన్ని టీవీ ముందు కూర్చోబెట్టగలిగాడు. 1952 జనవరిలో ఎన్‌బీసీ దేశమంతటికీ ‘టుడే’ అనే పొద్దుటి కార్యక్రమం మొదలుపెట్టింది. దారి వేసిన వాడి కార్యక్రమాన్ని రెండు నెలలకే ఆపేసి, ఫిలడెల్ఫియా స్టేషను కూడా ‘టుడే’నే ప్రసారం చేయాల్సి వచ్చింది. ఆ తరవాత కోవాక్స్ న్యూయార్కు చేరి సీబీఎస్, డ్యూమాంట్, ఎన్‌బీసీ సంస్థలన్నిటిలోనూ పనిచేశాడు. ఫిలడెల్ఫియాలో పాటలు పాడటానికి వచ్చిన ఈడీ ఆడమ్స్‌ను 1954లో పెళ్లాడాడు. ఈ టేపుకు ఆయుష్షు పోసింది ఆమే.

ఆ కాలపు టీవీ హాస్యగాళ్లలో ఎక్కువమంది నాటక రంగం నుంచి వచ్చినవాళ్లు. మిల్టన్ బెర్ల్ వంటి మహామహులు వేదిక మీద చేసేదే టీవీలోనూ చేసేవారు. కెమెరా ఎదురుగా నిలబడి చూసేది. కోవాక్స్ కెమెరాను, మానిటరును, రెండు బొమ్మల్ని కలిపే స్విచ్చును నటుల్లో చేర్చుకున్నాడు. హాస్యానికి ఆయన చేసిన సేవలన్నిటిలోకీ ఇదే పెద్దదని ఈ టేపు అభిప్రాయం.

ఒక ఉదాహరణ. ఒక అమ్మాయి తలకు కన్నం పడి ఉంటుంది. ఆ కన్నంలోంచి కోవాక్స్ కన్ను ఇవతలికి తొంగిచూస్తుంది. ఇందులో మంత్రమేమీ లేదు. బార్బరా లోడెన్ అనే సహాయ నటి తల మీద నల్ల గుడ్డముక్క అంటించి, నల్ల తెర ముందు నిలబెట్టి ఒక కెమెరాతో చూపించారు. రెండో కెమెరా ముందు కోవాక్స్ నిలబడి, తన కన్ను సరిగ్గా ఆ నల్ల మచ్చలోకి వచ్చేదాకా మానిటరు చూసుకుంటూ మెల్లగా జరిగాడు. స్టూడియోలో కూర్చుని చూసేవాడికి ఇందులో నవ్వొచ్చేది ఏదీ కనపడదు. తెర మీదే ఆ జోకు పుడుతుంది. అందుకే స్టూడియోలో ప్రేక్షకుల్ని కూర్చోబెట్టడం గానీ, డబ్బాలో దాచిన నవ్వుల్ని అతికించడం గానీ ఆయనకు గిట్టేది కాదు. ఆ బార్బరా లోడెనే 1970లో ‘వాండా’ సినిమాకు దర్శకత్వం వహించి తనకంటూ గొప్ప పేరు తెచ్చుకుంది.

1957 జనవరి 19న ఆయనకు పెద్ద అవకాశం వచ్చింది. డీన్ మార్టిన్‌తో జోడీ విడిపోయాక హాస్యనటుడు జెర్రీ లూయిస్ ఒంటరిగా చేస్తున్న గంటన్నర కార్యక్రమంలో ఆఖరి అరగంట ఖాళీ మిగిలిపోయింది. లూయిస్ తరవాత తెర మీదికి రావడానికి ఎవరూ ముందుకు రాలేదు. కోవాక్స్ ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నది చాలదన్నట్టు ఆ అరగంటలో సంభాషణ అన్నదే లేకుండా చేశాడు. యూజీన్ అనే అమాయకుడు ఒక క్లబ్బులోకి వస్తాడు. బల్ల ముందు కూర్చుని డబ్బా తెరిచి తిండి పదార్థాలు బయటికి తీస్తాడు. ఆలివ్ పండు బల్ల మీద పెడితే దానంతటది దొర్లుకుంటూ పక్కన పేపరు చదువుతున్న పెద్దమనిషి ఒళ్లో పడుతుంది. ఒక్కో వస్తువూ అంతే. చివరికి ఫ్లాస్కులోంచి కప్పులోకి పాలు వంచితే, ధార నేరుగా కిందికి పడకుండా వాలుగా గాల్లో పక్కకు పోతుంది. యూజీన్ నోరు మెదపడు. కప్పు వంక చూస్తాడు, ఫ్లాస్కు వంక చూస్తాడు, మళ్లీ ప్రయత్నిస్తాడు. బల్ల, గోడలు, నేల మొత్తం సెట్టును ఏటవాలుగా కట్టి, కెమెరాను కూడా సరిగ్గా అదే కోణంలో వంచి పెట్టడం ఇందులోని కిటుకు. తెర మీద అంతా చదునుగానే ఉంటుంది; భూమ్యాకర్షణ ఒక్కటే దారి తప్పినట్టు కనిపిస్తుంది. మర్నాడు జనం చెప్పుకున్నది కోవాక్స్ గురించే. ‘లైఫ్’ పత్రిక ఆయన బొమ్మను ముఖచిత్రంగా వేసింది.

ఆ పేరుతో హాలీవుడ్ పిలిచింది. సినిమాలు చేశాడు గానీ, అక్కడ కెమెరా మరొకరి చేతిలో ఉండేది. ఆయన ప్రతిభలో సగం మాత్రమే సినిమాల్లో కనిపిస్తుంది. రెండో సగం ఈ టేపు మీద ఉంది. డచ్ మాస్టర్స్ చుట్టల కంపెనీ ఖర్చు పెట్టుకోగా 1961 ఏప్రిల్ 20 నుంచి ఏబీసీలో దాదాపు నెలకొకటి చొప్పున అరగంట ప్రత్యేక కార్యక్రమాలు వచ్చాయి. మొత్తం ఎనిమిది. నోట్లో చుట్ట లేకుండా కోవాక్స్ కనపడటం అరుదు కనుక కంపెనీకి ఇంతకంటే తగిన మనిషి దొరకడు. ప్రకటనల్లోనూ మాటలుండవు, వెనక తీగవాద్యాలు మోగుతుంటే చిన్న మూగ నాటిక నడుస్తుంది.

టేపు పుట్టకపోతే ఈ కార్యక్రమాలు లేవు. వీటిలో చాలా జోకులు కొన్ని సెకన్లవి; ఒక్కోదానికీ సెట్టు వేరు, తంత్రం వేరు. ప్రత్యక్ష ప్రసారంలో ఒకదాని వెంట ఒకటి చూపించడం అసాధ్యం. టేపు మీద విడివిడిగా తీసి అతికించాలి. ఆ రోజుల్లో అతకడమంటే సామాన్యమైన పని కాదు. టేపును కంటితో చూస్తే గోధుమరంగు పట్టీ తప్ప ఇంకేమీ కనపడదు. సన్నని ఇనుప పొడి కలిపిన ద్రవం పూస్తే అయస్కాంత గీతలు బయటపడతాయి. సూక్ష్మదర్శిని కింద పెట్టి, రెండు బొమ్మల మధ్య సందు ఎక్కడుందో వెతికి, బ్లేడుతో కోసి, లోహపు పట్టీతో అంటించాలి. వెంట్రుకవాసి తేడా వస్తే తెర మీద బొమ్మ ఎగిరి పడుతుంది.

ఆ అతుకుల మధ్య ఏముంది? పాత కార్లు అమ్మేవాడు బేరం కుదుర్చుకుంటూ కారును ఆప్యాయంగా ఒక చరుపు చరిస్తే, కారు నేలలోకి దిగబడిపోతుంది. కొన్ని సెకన్ల ఈ నవ్వుకు వేల డాలర్లు ఖర్చయ్యాయి. నురగ నిండిన తొట్టెలో ఒక అమ్మాయి స్నానం చేస్తుంటే అందులోంచి ఒకరి వెనక ఒకరు మనుషులు లేచి బయటికి నడిచిపోతుంటారు. మనిషి జాడలేని ఆఫీసులో టైపు మిషను, టెలిఫోను, సొరుగులు సంగీతానికి తగ్గట్టు తాళం వేస్తాయి. కోతి ముసుగులు, గుండ్రటి టోపీలు, పొడుగు కోట్లు వేసుకున్న నైరోబీ ట్రియో వాద్యగోష్ఠి జరుపుతుంటుంది. ఒక కోతి సమయం చూసి పాటకు సరిగ్గా లయ కలిసేలా నాయకుడి తల మీద కర్రలతో వాయిస్తుంది. పియానో దగ్గర కూర్చునే కోతి వేషంలో తరచు ఈడీ ఆడమ్స్ ఉండేది. మరో దృశ్యంలో కోవాక్స్ నీళ్లలో మునిగి కూర్చుని చుట్ట కాలుస్తాడు. నోట్లోంచి తెల్లటి పొగ తీరిగ్గా నీళ్లలో విచ్చుకుంటుంది. మునగబోయే ముందు నోటినిండా పట్టిన పాలే ఆ పొగ.

1962 జనవరి 13 తెల్లవారుజామున లాస్ ఏంజెలెస్‌లో, ఒక విందు నుంచి ఇంటికి వెళుతుండగా తడి రోడ్డు మీద కారు అదుపు తప్పి స్తంభానికి గుద్దుకుంది. కోవాక్స్ అక్కడికక్కడే చనిపోయాడు. మరో పది రోజులైతే 43 ఏళ్లు నిండేవి. ఎనిమిదో కార్యక్రమం ఆ పుట్టినరోజు నాడే, జనవరి 23న ప్రసారమైంది. సమాధి మీద ‘దేనిలోనూ మితం లేదు’ అనే అర్థం వచ్చే మాట చెక్కించారు. ఆయన బతికిన తీరు అచ్చంగా అదే: రాత్రంతా పేకాట, చేతికి అందినదంతా ఖర్చు, పన్నులంటే లెక్కలేనితనం. ఇంటి మీదికి లక్షల డాలర్ల పన్ను బకాయి వచ్చిపడింది. సహాయ ప్రదర్శన ఇచ్చి ఆదుకుంటామని తోటి కళాకారులు ముందుకొస్తే ఈడీ వద్దంది. క్లబ్బుల్లో పాడి, ప్రకటనల్లో నటించి, ఏళ్లు పట్టినా పైసాతో సహా తీర్చింది.

ఈలోగా ఆమెకు మరో సంగతి తెలిసింది. టీవీ సంస్థలు పాత టేపుల్ని చెరిపేసి వాటి మీద కొత్త కార్యక్రమాలు రికార్డు చేసుకుంటున్నాయి. కోవాక్స్ టేపులూ ఆ వరసలోనే ఉన్నాయి. ఒక నాటకం పోతే రాతప్రతి మిగులుతుంది, పాట పోతే స్వరం మిగులుతుంది. కోవాక్స్ జోకును కాగితం మీద పెడితే ‘పాలు పక్కకు పడ్డాయి’ అన్న మూడు మాటలు మిగులుతాయి. టేపు చెరిగితే ఆ కళాకారుడు రెండోసారి చచ్చిపోయినట్టే. ఇది ఈడీకి తెలిసినంతగా సంస్థల గోదాముల్లో ఎవరికీ తెలియలేదు. నెత్తిన అంత అప్పు ఉండగానే బీమా సొమ్ము, సొంత సంపాదన కలిపి, చేతి చమురు వదిలించుకుని టేపుల్ని, కినెస్కోప్ ఫిల్ముల్ని, వాటి హక్కుల్ని కొనేసింది. ఈ టేపు బతికి బట్టకట్టింది అందువల్లే. డ్యూమాంట్ సంస్థ రికార్డులకు ఆ అదృష్టం పట్టలేదు. వాటిని లారీలకెత్తి న్యూయార్కు దగ్గర సముద్రపు పాయలో పారబోశారని ఈడీయే 1996లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ జరిపిన విచారణలో సాక్ష్యం చెప్పింది. అలాంటి భార్య లేని ఎందరు హాస్యగాళ్ల పని ఆ నీళ్ల పాలయిందో తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

ఎలక్ట్రానిక్ కెమెరా పనితనానికి 1962లో కోవాక్స్‌కు మరణానంతరం టీవీ రంగంలో ఇచ్చే ఎమ్మీ బహుమతి వచ్చింది. హాస్యగాడికి కెమెరా బహుమతి ఇచ్చినవాళ్లు ఆయన్ని సరిగ్గానే అర్థం చేసుకున్నారు. ఆయన ప్రభావం మాత్రం తరవాతి తరంలో బాగా కనిపించింది. స్నానపు తొట్టె దృశ్యంలో నటించిన జోలీన్ బ్రాండ్ భర్త జార్జ్ ష్లాటర్; 1968లో మొదలైన ‘లాఫ్-ఇన్’ నిర్మాత ఆయనే. క్షణాల్లో ముగిసే జోకుల్ని గొలుసుకట్టుగా పేర్చే ఆ కార్యక్రమంలో కోవాక్స్ పోలికలు స్పష్టంగా కనిపిస్తాయి. 1976లో ‘సాటర్‌డే నైట్ లైవ్’ నటుడు చెవీ చేజ్ ఎమ్మీ అందుకుంటూ కోవాక్స్‌కు కృతజ్ఞత చెప్పాడు. 1977లో ఈ టేపుల్లోంచి ఏర్చి కూర్చిన కార్యక్రమాల్ని నటుడు జాక్ లెమన్ వ్యాఖ్యానంతో పీబీఎస్ టెలివిజన్ ప్రసారం చేయడంతో, ఆయన పోయాక పుట్టినవాళ్లు కూడా తొలిసారి చూడగలిగారు. 2008లో ఈడీ ఆడమ్స్ కన్నుమూసింది. 2011లో డీవీడీల సంపుటి వచ్చింది. 2015లో ఆ దంపతుల సేకరణ, 1,200కు పైగా టేపులు, ఫిల్ములు, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు చేరింది.

రెండంగుళాల టేపును ఆడించే యంత్రాల తయారీ ఎప్పుడో ఆగిపోయింది; నడిచేవి కొన్నే, నడపడం వచ్చినవాళ్లు ఇంకా తక్కువ. అందుకే ఇప్పుడు చూసేవన్నీ డిజిటల్ నకళ్లే. ‘యూజీన్’ను కోవాక్స్ ఏబీసీ కోసం మళ్లీ తీయగా అది 1961 నవంబరు 24న ప్రసారమైంది. సహదర్శకుడు జో బేహార్‌తో పాటు ఆయనకు దర్శకుల సంఘం బహుమతి తెచ్చిపెట్టింది అదే. అందులో మాటల్లేవు కాబట్టి కోవాక్స్‌ను కొత్తగా చూడబోయే తెలుగు ప్రేక్షకులు దానితో మొదలుపెట్టడం మేలు.