అతలం, వితలం, పీ3

పాతాళం అనగానే మనవాళ్ళకి సలసల కాగే నూనె గుర్తొస్తుంది. అది నరకం, దాని లెక్క వేరు. భాగవతం పంచమ స్కంధం ప్రకారం (తెలుగులో దీన్ని రాసింది గంగన, పేరు మాత్రం పోతనకే పోయింది, పాపం) భూమి కింద అతలం మొదలుకొని పాతాళం దాకా ఏడు లోకాలు. స్వర్గం కన్నా సుఖంగా ఉంటాయట. పాముల పడగల మీది మణులే దీపాలు. ఎండ పొడ సోకదు కాబట్టి పగలూ రాత్రీ తేడా లేదు. రాయదుర్గంలో అమెరికా షిఫ్టు చేసేవాళ్ళు ఈ వర్ణన వింటే తమ ఆఫీసే అనుకుంటారు.

మా ఆఫీసు సెల్లార్‌కీ అంతస్తులున్నాయి. ఇక్కడి నేలంతా 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. దాన్ని పేల్చి, తొలిచి, ఆఖరికి మా కార్లకి చోటు చేశారు. అదీ చాలదు.

"అన్నా, పీ1లో ఖాళీ ఉందా?"

"ఫుల్లయింది సార్. కిందికి పోండ్రి."

"పీ2లో?"

"ఇంకా కిందికి పోండ్రి సార్, ఉంటది."

ఆ 'ఉంటది'ని నమ్ముకుని దిగుతుంటే ఫోన్లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే రాలిపోతాయి. పీ3లో స్తంభం పక్కన ఖాళీ కనబడి, ఆశగా స్టీరింగ్ తిప్పితే, అక్కడ ఎవరిదో బుల్లెట్ బండి అడ్డంగా పెట్టి ఉంటుంది. సరిగ్గా అప్పుడే స్టాండప్ కాల్‌లో మేనేజరు నా పేరు పిలుస్తాడు. పాతాళం నుంచి మాట పైకి పోదు.

సుతలంలో బలిచక్రవర్తికి ఈ తిప్పలు లేవు. వాకిట్లో సెక్యూరిటీ సాక్షాత్తు విష్ణుమూర్తే, గద పట్టుకుని. ఆ కింద తలాతలంలో ఉండేది మయుడు, ముల్లోకాలకీ పెద్ద బిల్డరు. మన బిల్డర్లలో తను తవ్వించిన సెల్లార్‌లో కాపురం పెట్టినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

ఇటలీవాళ్ళ పద్ధతి ఇంకోటి. నేపుల్స్ దగ్గరి అవెర్నస్ సరస్సే పాతాళానికి గేటని పాత రోమన్ల నమ్మకం. వాళ్ళ కవి దాంతే రాసిన 'ఇన్ఫెర్నో'లో నరకానికి తొమ్మిది వలయాలు. దిగేకొద్దీ ఇరుకు, దిగేకొద్దీ పెద్ద పాపులు. అట్టడుగున మంటలుండవు. గడ్డకట్టిన సరస్సు, అందులో కూరుకుపోయిన నమ్మకద్రోహులు. ఏడొందల ఏళ్ల కిందటే ఆయనకి సెంట్రల్ ఏసీ సంగతి తెలిసిపోయింది! బయట మే నెల ఎండ మాడ్చేస్తుంటే మేం స్వెట్టర్లలో కూచుని వేళ్ళు రుద్దుకుంటూ టైపు చేస్తాం. అడ్మిన్‌ని అడిగితే టికెట్ రైజ్ చేయమంటారు. చేస్తాం. చలి చలిలాగే ఉంటుంది, టికెట్ క్లోజవుతుంది.

దాంతే నరకం దాటి పైకి రాగానే నక్షత్రాలు చూస్తాడు. మాకవి మెయిల్లోనే వస్తాయి, వరసగా ఐదు, రేటింగ్ ఇమ్మని.