చిల్లర కాగిత సూత్రానికి లఘుటీక

మూలం: చిల్లర కాగితములు స్వీకరింపబడవు. గ్రంథములు మాత్రమే ఇవ్వవలెను.

అవతారిక: ఈ సూత్రం ఒకానొక గ్రంథాలయంలో ఇష్యూ కౌంటరు పైన వెలసింది. ఒక పెద్దాయన తన మేనత్తగారి ట్రంకుపెట్టెలోని సినిమా పాటల పుస్తకాలూ నాటకాల కరపత్రాలూ ఇస్తానని వచ్చిన మర్నాడే వెలసిందని ఐతిహ్యం.

ప్రతిపదార్థం: సులభము. విడిచితిమి.

అన్వయం: 'స్వీకరింపబడవు' అన్నచోట కర్త కానరాడు. కర్త ఉంటే సంతకం పెట్టాలి. సంతకం ఉంటే జనం నిలదీస్తారు.

విశేషం: తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' విడుదల 1931 సెప్టెంబరు 15 అని దశాబ్దాలపాటు నమ్మాం, ఉత్సవాలూ చేసుకున్నాం. సినీ పరిశోధకుడు రెంటాల జయదేవ సెన్సారు వివరాలూ ఆనాటి పత్రికల ప్రకటనలూ తవ్వితే, అది 1932 ఫిబ్రవరి 6న బొంబాయి కృష్ణా సినిమాలో ఆడిందని తేలింది. సినిమా ప్రింటు ఏనాడో పోయింది. సాక్ష్యం చెప్పింది మరమరాల పొట్లానికి పోవలసిన కాగితం. ఇక పాటల పుస్తకాల మాట. నటీనటుల పేర్లు, పాటలు, కథాసంగ్రహం ఉండేవి. ఆ కథైనా సాంతం చెప్పేవి కావు. నాయిక కష్టాల్లో పడగానే ఆపి, మిగతాది వెండితెరపై చూడమనేవి. ఎన్నో చిత్రాలకు ఇప్పుడా వెండితెర లేదు. ఆ సగం కథైనా దక్కితే చాలనుకుంటున్నాం, దాన్ని కూడా కాటాలో వేస్తున్నారు.

(సూత్రమునకు మరలుదము.)

పూర్వపక్షం: చవక కాగితం ఎలాగూ నిలవదు కదా?

సమాధానం: అందుకే ముందు దాచాలి. కర్రగుజ్జులోని లిగ్నిన్ వెలుతురుకు పసుపెక్కుతుంది, ఆమ్లం పెళుసెక్కిస్తుంది. ఆమ్లం లేని ఫోల్డరులో, చీకట్లో, చెమ్మ తగలకుండా పెడితే ఆయువు పెరుగుతుంది. మైదాజిగురుతో అతికిస్తే పురుగులకు విందు, లామినేషన్ సజీవసమాధి. నేటి బస్సు టికెట్టు మరీ ఘోరం: థర్మల్ కాగితం మీది అక్షరాలు ఎండకూ వేడికీ వాటంతటవే మాయమవుతాయి.

దృష్టాంతం: చెట్టినాడు కోట్టైయూరులో రోజా ముత్తయ్య పుస్తకాలతోపాటు పెళ్లి శుభలేఖలు, నాటకాల నోటీసులు కూడా పోగుచేశారు. ఆ సేకరణను షికాగో విశ్వవిద్యాలయం కొన్నది. 1994లో మద్రాసులో అదే పరిశోధన గ్రంథాలయమైంది. శుభలేఖలో ఇంటిపేర్లు, ఊళ్లు, వృత్తులు, అచ్చాఫీసు పేరు దొరుకుతాయి. అంత సమాచారం మన కవిసన్మాన సంచికల్లో ఉండదు.

శంక: రిజిస్టరులో 'గ్రంథకర్త' గడి ఖాళీగా వదలరాదట; కరపత్రానికి కర్త ఎవరు?

నివృత్తి: విడివిడిగా ఎక్కించనక్కరలేదు. ఊరు, కాలం, విషయం రాసి పెట్టెకు ఒక్క పద్దు వేస్తే చాలు. గుమస్తాకు అరగంట పని. ఆ అరగంట కూర్చోలేక పెద్దాయనను పాతపేపర్ల కొట్టుకు పంపారు.